41 నుంచి 44 దాకా

సోంపేట ఆసుపత్రిలో డయాలసిస్ గది వెనక
ఇన్వర్టరు పక్కన నా బల్ల.
ల్యాబు మిషను రోజూ ఒకే ముద్దగా కక్కే ఫైల్లోంచి
క్రియాటినిన్ అంకెలు ఏరడం నా పని.
నెలకి పదకొండు వేలు. కాంట్రాక్టు.

మొదట రాసిన నమూనాలో
చుక్క పెట్టాను, పక్కనే ఇంకో చుక్క.
ఒకటి పెన్ను కొసది, ఒకటి ఆకాశంలోది.
రెండూ కలిస్తే అంత ఆకలేస్తుందని
ఎవరూ చెప్పలేదు.
మొదటి పేరు దగ్గర నోరు తెరిచి
ఆఖరి అంకె దాకా ఒకే గుక్కలో మింగి
దొరికింది, అంది.
వెనకాల ఒక ప్రశ్నార్థకం తగిలించాక
కొంచెం కొంచెం తినడం నేర్చుకుంది.

అప్పుడు తెర మీద పడింది:
మ్యాచ్, 41 నుంచి 44 దాకా.
అంతే.
(44 లెక్కలోకి రాదట. మరెందుకు రాసినట్టు?)
దొరికిన మాట నిజమే,
ఎవరిది, ఏ ఊరిది, ఎక్కువా తక్కువా,
ఏమీ లేదు.
సుభాషిణి సిస్టరు కాయితం చూసి
"ఇదేటి పాపా, బస్సు టైమా?
నలభై ఒకటికి ఎక్కి నలభై నాలుగుకి దిగాలేటి?" అంది.

బ్రాకెట్టుకి పేరు పెట్టుకోవచ్చని
ఆ వారమే తెలిసింది.
ఒకదానికి పేరు, ఒకదానికి ఊరు, ఒకదానికి అంకె.
గ్రూపు ఒకటి, గ్రూపు రెండు అని పిలవడం మానేశాను.
పలాస జీడిబట్టీలో మా అమ్మని
పన్నెండేళ్ళు పదిహేడో నంబరు అనే పిలిచారు.

ఇక నిలువు గీతలు.
పేర్లన్నీ ఒకవైపు, అంకెలన్నీ ఒకవైపు
బారుగా నిలబడతాయనుకున్నాను.
పైడమ్మ దగ్గర చెదిరింది.
కంటికి మూడే అక్షరాలు,
యంత్రం ఆరు లెక్కపెడుతుంది.
ఐత్వం వేరట, పొల్లు వేరట,
ఒత్తుగా కిందికి దిగిన మ కూడా వేరట.
ఎన్ని ఖాళీలు పోసినా
అంకెలు తాగినోడి నడకలాగే వచ్చాయి.
చివరికి గీతలు ఒగ్గేసి
మనిషికో వరస, అంకె చుట్టూ చదరపు బ్రాకెట్లు.

తామాడ పైడమ్మ, బెంకిలి: [6.8]

చదువు రాని పైడమ్మ
కాయితం అటూ ఇటూ తిప్పి
సరిగ్గా బ్రాకెట్టు మీద వేలు పెట్టింది.
"పెట్టిలోదే నాదేటి?"
అవునన్నాను.
"పోయినసారి ఈ రెండు సున్నాలు
ఒకదాని నెత్తిమీదొకటి కూకోలేదు."
ఎనిమిదిని అలా చదవొచ్చని నాకు తట్టలేదు.

తరవాతి మంగళవారం
కాయితం ఎంత ముచ్చటగా వచ్చిందో.
ముప్పై నాలుగు వరసలు, ఒక్క తప్పు లేదు.
సిస్టరు వేళ్ళ మీద లెక్కేసి
"ముప్పై అయిదు మందికి కదా రగతం తీశాం" అంది.

నా నమూనా అంకెనే అడుగుతుంది.
అంకె లేని మనిషిని చూడదు,
చూడలేదని చెప్పనూ చెప్పదు.
ముద్దలోకి దిగి కళ్ళతోనే వెతికాను.
పైడమ్మ పేరు పక్కన
రెండు అడ్డగీతలు.
సీసాలో గడ్డకట్టిందో, సీసా మారిందో,
మిషనుకి మాట రాలేదు.

ఫోను ఎనిమిదిసార్లు మోగింది.
తొమ్మిదోసారి అవతల గింజలు పగిలే రొద.
"కాశీబుగ్గ బట్టీకాడున్నానమ్మా, లోడొచ్చింది.
మళ్ళీ తీత్తారా? రేపు బేగి వొత్తాన్లే.
ఏటి, నా పెట్టి కాళీగుందేటి?"

ఖాళీగా కూడా లేదని
ఎలా చెప్పను?
అసలు పెట్టే లేదు.

ఆ రాత్రి ఒక్క వరస కలిపాను.
దొరకనివాళ్ళని కూడా అచ్చువెయ్యమని,
పేరుతో, ఊరుతో.

తామాడ పైడమ్మ, బెంకిలి: [      ]

పొద్దున్న సిస్టరు కాయితం దూరంగా పట్టుకుని చూసి
"అచ్చరాలు ఇంకాస్త పెద్దవి సెయ్యి పాపా,
కళ్ళజోడు ఇంటికాడ మర్సిపోనాను" అంది.